నెట్‌వర్క్‌ను తక్కువ కోతలతో ముక్కలు చేయడం ఎలా

పెద్ద నెట్‌వర్క్ ఒకటి చేతికిచ్చి విడగొట్టమంటే చాలామంది ముందు డిగ్రీల పట్టిక తీస్తారు. అంటే ఏ నోడ్‌కు (నెట్‌వర్క్‌లోని ఒక బిందువుకు) ఎన్ని లింకులున్నాయో లెక్కపెట్టి, పైనుంచి ఒక్కొక్కటే కోసుకుంటూ పోతారు. నెట్‌వర్క్ చివరికి విడిపోతుంది కూడా. కాకపోతే నాలుగు నోడ్లతో పోయేదానికి ఐదో ఆరో ఖర్చవుతాయి. నోడ్ అంటే ఒక టీకా డోసో, ఆపేయాల్సిన ఒక సర్వరో, గ్రిడ్‌లో ఒక సబ్‌స్టేషనో అయినప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

అన్నిటికన్నా తక్కువ నోడ్ల జాబితాను కచ్చితంగా కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ సమస్య, అంటే ఎప్పుడూ త్వరగా జవాబిచ్చే దారి ఇంతవరకు ఎవరికీ తెలియని రకం. వందల నోడ్లు దాటితే సాధారణంగా అన్ని కాంబినేషన్లనూ ప్రయత్నించే ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి కింద చెప్పేవన్నీ ఉపాయాలే. ఏ ఉపాయం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ బోర్లాపడుతుందో తెలిస్తే చాలావరకు పని అయినట్టే.

ముందు లక్ష్యం రాసుకోండి

‘ముక్కలైంది’ అంటే ఏమిటో అంకెల్లో రాయకుండా మొదలుపెట్టవద్దు. మామూలుగా వాడే కొలత అతిపెద్ద ముక్క పరిమాణం. కొన్ని నోడ్లు తీసేశాక, ఒకదాన్నుంచి ఒకదానికి దారి ఉన్న నోడ్ల గుంపుల్లో పెద్దదాంట్లో ఎన్ని మిగిలాయన్నది. పెద్ద నెట్‌వర్క్‌లకు మొత్తం నోడ్లలో 1 శాతాన్ని హద్దుగా పెట్టుకోవడం ఈ రంగంలో అలవాటు. కొందరు నోడ్ల సంఖ్య వర్గమూలాన్ని వాడతారు. చిన్నవాటికి ఈ రెండూ కుదరవు. 34 నోడ్లలో 1 శాతం అంటే అర్థమే లేదు కదా, అక్కడ నేరుగా ‘10కి మించకూడదు’ అనుకోవాలి.

రెండో కొలత వక్రరేఖ కింది వైశాల్యం. ఒక్కో నోడ్ తీసినప్పుడల్లా అతిపెద్ద ముక్క మొత్తంలో ఎంత వంతు మిగిలిందో రాసుకుని, చివరిదాకా వచ్చిన విలువలన్నీ కూడి నోడ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని ఆర్ సూచిక అంటారు. అందరితో అందరూ కలిసిన నెట్‌వర్క్‌లో, మధ్యవర్తి అంటూ ఎవరూ లేరు కాబట్టి, ఇది 0.5కు దగ్గరగా ఉంటుంది. ఒకే కేంద్రం, చుట్టూ ఆకులు ఉన్న నక్షత్రంలో కేంద్రాన్ని ముందు తీస్తే దాదాపు నోడ్ల సంఖ్యతో 1ని భాగించినంతకు పడిపోతుంది.

ఈ రెండింటిలో ఏది మీకు కావాలో ముందే తేల్చుకోండి. హద్దు చేరేదాకా మొత్తం ఎన్ని పోయాయన్నదే ముఖ్యమైతే మొదటిది. పని మధ్యలో ఆగిపోవచ్చు, ప్రతి కోతా వెంటనే ఫలితం చూపాలి అంటే రెండోది. ఒకదాంట్లో గెలిచిన పద్ధతి రెండోదాంట్లో ఓడిపోవడం మామూలే. ఉదాహరణ కిందే వస్తుంది.

డేటా శుభ్రం చేయడం

తనతో తనకే ఉన్న లింకులు తీసేయండి. ఒకే జత మధ్య రెండుసార్లు నమోదైన లింకులను ఒకటి చేయండి, లేకపోతే డిగ్రీలు ఉబ్బిపోయి క్రమం మొత్తం తారుమారవుతుంది. లింకులకు దిశ ఉంటే, మీరు ఆపదలచుకున్నది ఆ దిశలోనే పాకుతుందా లేదా చూసుకుని, అవసరం లేకపోతే దిశను వదిలేయండి. మొదటినుంచీ విడిగా ఉన్న చిన్న ముక్కలను పక్కనపెట్టి అతిపెద్ద ముక్కతో మొదలుపెట్టండి. కానీ శాతాలు దేనిమీద లెక్కేస్తున్నారో, మొత్తం నోడ్ల మీదా ఆ ముక్క మీదా అన్నది, ఫలితాల పక్కనే రాయండి.

ఇంకో చిన్న సంగతి. కొన్ని ప్రోగ్రామింగ్ లైబ్రరీలు నోడ్లను 0 నుంచి, కొన్ని డేటా ఫైళ్లు 1 నుంచి లెక్కపెడతాయి. వేరొకరి జాబితాతో మీ జాబితా పోల్చినప్పుడు అన్నీ ఒక అంకె తేడాతో కనిపిస్తే కారణం అదే.

గుడ్డిగా తీస్తే ఎంత పోతుంది

పోల్చుకోవడానికి ఒక అడుగు గీత ఉండాలి. ప్రతి డిగ్రీని వర్గం చేసి సగటు తీయండి. దాన్ని మామూలు సగటు డిగ్రీతో భాగించండి. ఈ అంకె 2 కంటే ఎక్కువ ఉంటే నెట్‌వర్క్‌లో పెద్ద ముక్క ఉంటుందన్నది మొల్లాయ్, రీడ్ ఇచ్చిన సూత్రం. అదే అంకెలోంచి 1 తీసేసి, 1ని దాంతో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేస్తే యాదృచ్ఛికంగా ఎంత వంతు నోడ్లు పోతే పెద్ద ముక్క కూలుతుందో అంచనా వస్తుంది. లింకులన్నీ యాదృచ్ఛికంగా పడిన నెట్‌వర్క్‌లో సగటు డిగ్రీ 4 అయితే ఇది 75 శాతం.

కొద్ది నోడ్లకే బోలెడు లింకులున్న నెట్‌వర్క్‌లలో వర్గాల సగటు పెరిగిపోతుంది కాబట్టి ఈ శాతం 100కు దగ్గరవుతుంది. అలాంటివి యాదృచ్ఛిక వైఫల్యాలను తట్టుకుంటాయి, గురిచూసి కొడితే మాత్రం త్వరగా కూలతాయి. 2000లో ఆల్బర్ట్, జియాంగ్, బరబాషి చూపించింది ఇదే. ఈ రంగమంతా అక్కణ్నుంచి ఊపందుకుంది.

చేత్తో సరిచూసుకోవడానికి జకరీ కరాటే క్లబ్ నెట్‌వర్క్ మంచిది, ఒక క్లబ్ సభ్యుల మధ్య స్నేహాల పటమిది. 1977లో ప్రచురితమైంది, 34 నోడ్లు, 78 లింకులు, దాదాపు ప్రతి లైబ్రరీలోనూ దొరుకుతుంది. సగటు డిగ్రీ 4.59. డిగ్రీల వర్గాల మొత్తం 1212, డిగ్రీల మొత్తం 156, భాగిస్తే 7.77. అంటే యాదృచ్ఛికంగా కూల్చాలంటే 85 శాతం నోడ్లు పోవాలని అంచనా. ఇంత చిన్న నెట్‌వర్క్‌కు ఆ సూత్రం కచ్చితంగా వర్తించదు, అయినా తాహతు తెలుస్తుంది. ఇకనుంచి లక్ష్యం అతిపెద్ద ముక్క 10కి మించకపోవడం అనుకుందాం.

డిగ్రీ పద్ధతి, ప్రతిసారీ కొత్తగా లెక్కించి

మొదట్లో తీసిన పట్టికనే చివరిదాకా వాడటం అన్నిటికన్నా సాధారణమైన తప్పు. పెద్ద నోడ్లు తరచూ ఒకదానికొకటి పొరుగువే. ఒకటి పోయాక రెండోదాని డిగ్రీ తగ్గిపోతుంది, పాత పట్టికకు ఆ సంగతి తెలియదు. అందుకని ఒకటి తీయండి, దాని పొరుగు నోడ్ల డిగ్రీలు ఒక్కొక్కటి తగ్గించండి, మళ్లీ గరిష్ఠం వెతకండి. డిగ్రీ వారీగా బుట్టలు పెట్టుకుంటే లక్షల నోడ్లకు కూడా ఇది క్షణాల్లో అవుతుంది.

కరాటే క్లబ్‌లో ఇలా నడుస్తుంది. 1 నుంచి లెక్కపెట్టే అంకెలు వాడుతున్నాను. మొదట 34వ నోడ్, డిగ్రీ 17. తీస్తే ఏమీ విడిపోదు, మిగిలిన 33 కలిసే ఉంటాయి. తర్వాత 1, డిగ్రీ 16. ఇప్పుడు 5, 6, 7, 11, 17 ఒక గుంపుగా, 12 ఒంటరిగా తెగిపోతాయి. అతిపెద్దది 26. తర్వాత 33, దాని డిగ్రీ 12 నుంచి 11కు తగ్గి ఉంది. తీస్తే 15, 16, 19, 21, 23 ఒంటరివి అవుతాయి, అతిపెద్దది 20.

నాలుగో కోత దగ్గర చిక్కు వస్తుంది. 2, 3 నోడ్లు రెండిటికీ డిగ్రీ 8. 3ని తీస్తే అతిపెద్ద ముక్క 10, పని అయిపోయింది. 2ని తీస్తే 16, ఇంకో కోత కావాలి. పద్ధతి ఒకటే, నెట్‌వర్క్ ఒకటే. తేడా అంతా సమానమైనప్పుడు ప్రోగ్రామ్ ఎవరిని ముందు పట్టుకుంది అన్నదాంట్లో ఉంది. చాలా లైబ్రరీల్లో అది నోడ్లు ఫైల్లో ఏ వరుసలో ఉన్నాయన్నదాన్ని బట్టి తేలిపోతుంది. వరుసలోని అంకె చిన్నది ముందు అనే నియమం ఉంటే ఇక్కడ 2 దొరుకుతుంది, అంటే తప్పు దారి. అందుకని సమానాలను యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ కనీసం 20, 30 సార్లు నడపండి. అత్యుత్తమ ఫలితంతోపాటు ఎంత అటూఇటూ అయిందో కూడా నమోదు చేయండి. ఒక్కసారి నడిపి రెండు పద్ధతులను పోల్చే పట్టికలను నేను నమ్మను.

నెట్‌వర్క్ మరీ పెద్దదైతే ఒక్కొక్కటే కాకుండా 0.1 నుంచి 1 శాతం చొప్పున ఒకేసారి తీసి, ఆ తర్వాత లెక్క తిరగతోడొచ్చు. అలా చేసేటప్పుడు ఒకే విడతలో పక్కపక్క నోడ్లు పడకుండా చూడండి. గరిష్ఠ నోడ్‌ను ఎంచుకున్నాక ఆ విడతలో దాని పొరుగువాటిని పక్కనపెడితే సరిపోతుంది.

డిగ్రీ ఎక్కడ మోసపోతుంది

కాగితం మీద 11 నోడ్లు గీయండి. అ1 నుంచి అ5 వరకు ఐదు, ప్రతిదీ ప్రతిదానితో కలిసి. ఇ1 నుంచి ఇ5 వరకు ఇంకో ఐదు, అవీ అలాగే. మధ్యలో ‘వ’ అనే వంతెన నోడ్, అది అ1, అ2, ఇ1, ఇ2లతో కలిసి ఉంటుంది. మొత్తం 24 లింకులు.

ఇక్కడ అ1, అ2, ఇ1, ఇ2 డిగ్రీ 5. ‘వ’తో సహా మిగతా అన్నిటిదీ 4. డిగ్రీ పద్ధతి అ1ని తీస్తుంది, ఏమీ తెగదు, 10 కలిసే ఉంటాయి. తర్వాత ఇ1, ఇంకా 9 కలిసే ఉంటాయి. తర్వాత అ2, అప్పుడు అ3, అ4, అ5 విడిపోతాయి, అతిపెద్ద ముక్క 5. మూడు కోతలయ్యాయి. మొదటే ‘వ’ను తీసి ఉంటే ఒక్క కోతతో ఐదు, ఐదుగా విడిపోయేది. సముదాయాలు గట్టిగా ఉండి, వాటి మధ్య సన్నటి వంతెనలున్న నెట్‌వర్క్‌లన్నిటా ఇదే తంతు. డిగ్రీ గుంపుల లోపలి బలాన్ని చూస్తుంది, గుంపుల మధ్య దారిని చూడదు.

ఆ దారిని చూసేది బిట్వీన్‌నెస్. ప్రతి జత నోడ్ల మధ్య అతిచిన్న దారులు ఎన్ని ఈ నోడ్ మీదుగా పోతున్నాయో లెక్కించడం. ఒక జతకు సమానమైన దారులు రెండుంటే చెరి సగం పంచాలి. మన బొమ్మలో అటు ఐదు, ఇటు ఐదు, 25 జతలూ ‘వ’ మీదుగానే పోవాలి, కాబట్టి దాని విలువ 25. అ1 విలువ 9 మాత్రమే. అ3, అ4, అ5 నుంచి వంతెనకూ అవతలి ఐదింటికీ పోయే 18 జతల్లో సగం దానివి, సగం అ2వి. కరాటే క్లబ్‌లో కూడా బిట్వీన్‌నెస్ మొదట 34ని కాకుండా 1ని చూపిస్తుంది. 1ని తీస్తే మొదటి కోతకే 27, 5, 1గా విడిపోతుంది.

దీని ఇబ్బంది ఖర్చు. 2001లో బ్రాండెస్ ఇచ్చిన అల్గారిథమ్‌తో ఒకసారి లెక్కించడానికి పట్టే పని దాదాపు నోడ్ల సంఖ్యను లింకుల సంఖ్యతో గుణించినంత. అమెరికా పశ్చిమ రాష్ట్రాల విద్యుత్ గ్రిడ్ డేటాలో 4941 నోడ్లు, 6594 లింకులు. గుణిస్తే 3.26 కోట్లు, ఇది నిశ్చింతగా ప్రతి కోతకూ తిరగతోడొచ్చు. పది లక్షల నోడ్లు, యాభై లక్షల లింకులైతే 5 లక్షల కోట్లు, అదీ ఒక్కసారికి. అక్కడ అన్ని నోడ్ల నుంచీ కాకుండా యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొన్ని వందల నోడ్ల నుంచి మాత్రమే దారులు వెతికి అంచనా వేయాలి. మనకు కావలసింది కచ్చితమైన విలువ కాదు, పైన ఎవరున్నారన్నదే కాబట్టి అంచనా సాధారణంగా సరిపోతుంది. పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ నేర్చుకోవడానికి సులువు గానీ ఈ పనికి మందకొడి. వేల నోడ్లు దాటితే ఇగ్రాఫ్‌కో గ్రాఫ్-టూల్‌కో మారండి.

కలెక్టివ్ ఇన్‌ఫ్లుయెన్స్

డిగ్రీకీ బిట్వీన్‌నెస్‌కూ మధ్య దారి ఇది. 2015లో మొరోన్, మాక్సే ప్రతిపాదించారు. ఒక నోడ్ చుట్టూ సరిగ్గా ఎల్ అడుగుల దూరంలో ఉన్న నోడ్లను తీసుకోండి. ప్రతిదాని డిగ్రీలోంచి 1 తీసేసి కూడండి. వచ్చినదాన్ని మన నోడ్ డిగ్రీలోంచి 1 తీసేసినదానితో గుణించండి. అంటే తనకు బలం ఉండాలి, కొంచెం దూరాన ఉన్నవాళ్లకూ బలం ఉండాలి. విలువ ఎక్కువున్నదాన్ని తీసి, దాని చుట్టూ ఎల్ ప్లస్ 1 అడుగుల లోపు ఉన్నవాటిని మాత్రమే తిరిగి లెక్కించాలి. హీప్ (గరిష్ఠ విలువను వెంటనే అందించే డేటా అమరిక) వాడితే పెద్ద నెట్‌వర్క్‌లకూ తట్టుకుంటుంది.

ఎల్ ఎంత పెట్టాలి? మన 11 నోడ్ల బొమ్మ మీదే లెక్కేసి చూడండి. ఎల్ 1 అయితే ‘వ’ విలువ 3ని 16తో గుణిస్తే 48, అ1 విలువ 4ని 16తో గుణిస్తే 64. తప్పు నోడ్ పైకొచ్చింది. ఎల్ 2 అయితే ‘వ’కు 3ని 18తో గుణిస్తే 54, అ1కు 4ని 8తో గుణిస్తే 32. ఇప్పుడు వంతెన దొరికింది. ఎల్ 3 అయితే ‘వ’ నుంచి మూడడుగుల దూరంలో అసలు ఎవరూ లేరు, విలువ సున్నా, మళ్లీ అ1 లాంటివే 36తో ముందుకొస్తాయి. పెద్ద నెట్‌వర్క్‌లలో 2 నుంచి 4 మధ్య పెట్టి మూడూ ప్రయత్నించడం మేలు. దారుల సగటు పొడవు 3, 4 మాత్రమే ఉన్న ఇరుకు నెట్‌వర్క్‌లో ఎల్ పెంచితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. ఇంకోటి, ఈ సూత్రం పుట్టింది త్రిభుజాలు పెద్దగా లేని, దగ్గర్నుంచి చూస్తే చెట్టులా కనిపించే నెట్‌వర్క్‌ల కోసం. త్రిభుజాలు కిక్కిరిసిన చోట దాని మాట అంత పట్టించుకోవద్దు.

చక్రాలు తెంచి, చెట్లు నరకడం

2016లో వచ్చిన రెండు పద్ధతులు, మిన్-సమ్, కోర్‌హెచ్‌డీ, సమస్యను ఇంకోవైపు నుంచి చూశాయి. చక్రాలు (బయల్దేరిన నోడ్‌కే తిరిగొచ్చే దారులు) లేని నెట్‌వర్క్ అంటే చెట్టు, చెట్టును విడగొట్టడం చాలా చవక. కాబట్టి ముందు చక్రాలన్నీ పోయేలా కొయ్యి, మిగిలిన చెట్లను తర్వాత చూసుకో. మిన్-సమ్ నాణ్యత ఎక్కువ, రాయడం కష్టం. కోర్‌హెచ్‌డీ మాత్రం ఒక్క పూట పని, ఎవరైనా ముందు ఇదే రాసుకోవాలని నా సలహా.

డిగ్రీ 1 లేదా అంతకన్నా తక్కువ ఉన్న నోడ్లను, ఇక ఎవరూ అలా మిగలనంతవరకు, పదేపదే పక్కకు తీయండి. మిగిలేది 2-కోర్. తీసిన ఈ ఆకులు కోత కింద లెక్కకు రావు, అవి లెక్కింపు నుంచి తప్పుకున్నాయంతే. 2-కోర్ లోపలి లింకులను మాత్రమే లెక్కపెట్టి గరిష్ఠ డిగ్రీ ఉన్న నోడ్‌ను కొయ్యండి. మళ్లీ ఆకులు రాల్చండి. 2-కోర్ ఖాళీ అయ్యేదాకా ఇదే.

కరాటే క్లబ్‌లో మొదటి రెండూ 34, 1. ఆ రెండూ పోయాక ఆకులు రాలిస్తే 33కు కోర్ లోపల 6 లింకులే మిగులుతాయి. దాని డిగ్రీలో సగం దాకా ఎటూ పోలేని ఆకులవే. 3కు 8 ఉంటాయి. కాబట్టి 3 ముందు, తర్వాత 33. నాలుగు కోతలతో 10, ఎక్కడా సమానాల చిక్కు రాలేదు. మామూలు డిగ్రీని తికమకపెట్టిన 2, 3ల మధ్య తేడా ఇక్కడ తేటతెల్లం. 18, 20, 22 లాంటి ఆకులే 2కు లేని బలం చూపించాయి.

రెండు కొలతలూ వేర్వేరు తీర్పులివ్వొచ్చని మొదట్లో చెప్పినదానికి ఉదాహరణ ఇదే. అదృష్టం కలిసొచ్చిన డిగ్రీ క్రమంలో అతిపెద్ద ముక్కలు 33, 26, 20, 10. కోర్‌హెచ్‌డీలో 33, 26, 24, 10. హద్దు చేరడంలో రెండూ సమానం. వైశాల్యం కోసం ఆ అంకెలు కూడితే డిగ్రీకి 89, కోర్‌హెచ్‌డీకి 93, తక్కువే మేలు కాబట్టి డిగ్రీయే మెరుగు. ఆకులను పట్టించుకోకపోవడం వల్ల కోర్‌హెచ్‌డీ మధ్యలో వెనకబడుతుంది. 11 నోడ్ల బొమ్మలో ఇది కూడా పప్పులో కాలేస్తుంది. అక్కడ ఆకులే లేవు, మొత్తం నెట్‌వర్కే 2-కోర్, మళ్లీ అ1 దగ్గరికే పోతుంది.

కోర్ ఖాళీ అయ్యాక మిగిలినవి చెట్లు. హద్దు దాటిన ప్రతి చెట్టుకూ ఇలా చేయండి. ఆకుల నుంచి లోపలికి ప్రతి కొమ్మలో ఎన్ని నోడ్లున్నాయో కూడుకుంటూ రండి. ఏ నోడ్ తీస్తే మిగిలే కొమ్మల్లో పెద్దది అన్నిటికన్నా చిన్నగా ఉంటుందో దాన్ని కొయ్యండి. ప్రతి చెట్టులోనూ అలాంటి నోడ్ ఒకటి ఉంటుంది, దాన్ని తీస్తే ఏ ముక్కా సగానికి మించదు.

వృథా కోతలను తిరిగి పెట్టడం

ఏ పద్ధతి వాడినా ఈ అంచె వదలొద్దు. పద్ధతి మార్చడం కన్నా దీనివల్లే ఎక్కువ లాభం వచ్చిన సందర్భాలు బోలెడు. కోసిన నోడ్లలో కొన్ని, తర్వాత కోసినవాటి వల్ల, అనవసరమైపోతాయి. కోసిన ప్రతి నోడ్‌నూ తిరిగి పెడితే ఎంత పెద్ద ముక్క ఏర్పడుతుందో లెక్కించండి. అన్నిటికన్నా చిన్న ముక్కను కలిపేది హద్దులోపే ఉంటే తిరిగి పెట్టేయండి. మళ్లీ లెక్కించండి. ఇక ఏదీ హద్దులో పట్టనప్పుడు ఆగండి.

డిగ్రీ పద్ధతి తప్పు దారిలో పోయిన సందర్భం తీసుకుందాం. 34, 1, 33, 2 అయ్యాక 16 మిగిలింది కదా, ఐదో కోత 3. ఇప్పుడు అతిపెద్దది 8. హద్దు 10, కాబట్టి కొంచెం జాగా ఉంది. ఒక్కొక్కటే తిరిగి పెడితే ఏర్పడే ముక్కలివి: 2 పెడితే 10, 3 పెడితే 16, 33 పెడితే 16, 34 పెడితే 22, 1 పెడితే 24. 2 సరిగ్గా పడుతుంది. పెట్టేస్తే మిగిలే కోతలు 34, 1, 33, 3, కోర్‌హెచ్‌డీ ఇచ్చిన నాలుగే. సమానాల దగ్గర జరిగిన పొరపాటు దానంతట అదే సర్దుకుంది.

ఒక జాగ్రత్త. ముక్క పరిమాణం లెక్కించేటప్పుడు ఒకే ముక్కలోని రెండు పొరుగు నోడ్లు తగిలితే ఆ ముక్కను రెండుసార్లు కూడొద్దు. 2కు 4, 8, 14 ముగ్గురూ పొరుగే, ముగ్గురూ ఒకే ముక్కలో ఉన్నారు. ఈ తప్పు చేస్తే అంకె పెద్దదైపోయి, తిరిగి పెట్టగలిగేవి కూడా పెట్టరు. ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వదు కాబట్టి ఎవరూ గమనించరు.

వక్రరేఖ త్వరగా గీయడం

ప్రతి కోత తర్వాత ముక్కలన్నీ కొత్తగా వెతికితే పెద్ద నెట్‌వర్క్‌లో రోజులు పడుతుంది. వెనక నుంచి రండి. అన్ని నోడ్లూ పోయినట్టు మొదలుపెట్టి, చివర కోసినదాన్ని ముందు పెడుతూ యూనియన్-ఫైండ్‌తో (ఏ నోడ్ ఏ ముక్కలో ఉందో గుర్తుపెట్టుకుని ముక్కలను త్వరగా కలిపే పద్ధతి) కలుపుకుంటూ పోతే మొత్తం రేఖ ఒక్క దఫాలో వస్తుంది. నోడ్ పెట్టకముందున్న అతిపెద్ద పరిమాణమే ఆ నోడ్‌ను కోసిన తర్వాతి విలువ. పెట్టాక ఉన్నది రాసుకుంటే రేఖ ఒక అడుగు పక్కకు జరుగుతుంది. కరాటే క్లబ్‌లో మొదటి కోత తర్వాత 33 రావాలి. 34 వస్తే మీరు ఆ తప్పే చేశారు.

అన్ని నోడ్ల ధరా ఒకటి కానప్పుడు

పెద్ద నోడ్‌ను తీయడం చిన్నదాన్ని తీసినంత చవక అని పైన చెప్పినవన్నీ అనుకుంటున్నాయి. నిజంలో చాలాసార్లు అలా ఉండదు. తెంచాల్సిన ప్రతి లింకుకూ ఖర్చుంటే నోడ్ ధర దాని డిగ్రీయే. అప్పుడు డిగ్రీ వారీ కోత అన్నిటికన్నా ఖరీదైన దారి కావచ్చు. సులువైన సవరణ విలువను ధరతో భాగించి వరుస పెట్టడం. ఇంకా మెరుగైనది, నెట్‌వర్క్‌ను స్పెక్ట్రల్ పద్ధతిలో (లింకుల మాతృక ఐగెన్ వెక్టర్ల ఆధారంగా) రెండు సగాలుగా చీల్చి, రెండు వైపుల మధ్య మిగిలిన లింకులన్నిటినీ కప్పే కనీస ధర నోడ్ల జాబితా తీసి వాటిని కోయడం. రెండు సగాల మధ్య లింకులే కాబట్టి ఆ జాబితాను గరిష్ఠ ప్రవాహ అల్గారిథమ్‌తో కచ్చితంగా కనుక్కోవచ్చు. తర్వాత పెద్ద ముక్కను మళ్లీ చీల్చండి.

నోడ్లు కాక లింకులే తెంచగలిగితే లెక్క మారుతుంది. మన బొమ్మలో ‘వ’ను తీయడం ఒక నోడ్ కోత. లింకుల్లో అయితే వ-అ1, వ-అ2 రెండూ తెంచాలి, అప్పుడు 5, 6గా విడిపోతుంది. లింకు బిట్వీన్‌నెస్ ఎక్కువున్నదాన్ని తెంచి మళ్లీ లెక్కించడం 2002లో గిర్వాన్, న్యూమన్ సముదాయాలు కనుక్కోవడానికి ఇచ్చిన పద్ధతి. ఈ పనికీ అది పనికొస్తుంది, చిన్న నెట్‌వర్క్‌లకు మాత్రమే.

నెట్‌వర్క్ పూర్తిగా కనిపించనప్పుడు

డేటాలో లేని లింకులు అన్ని లెక్కలనూ పాడుచేస్తాయి, వంతెనల మీద ఆధారపడే బిట్వీన్‌నెస్‌ను మరీ ఎక్కువ. నమోదు కాని ఒక్క లింకు రెండు గుంపుల మధ్య ఉంటే మీ ‘వంతెన’ అసలు వంతెనే కాదు. పరీక్ష ఒకటే. ఉన్న లింకుల్లో 10 శాతాన్ని యాదృచ్ఛికంగా దాచి జాబితా తీయండి, ఆ జాబితాను పూర్తి నెట్‌వర్క్ మీద కొట్టి చూడండి. ఇలా పది పదిహేను సార్లు చేశాక కూడా అతిపెద్ద ముక్క హద్దుకు దగ్గర్లోనే ఉంటే జాబితాను నమ్మొచ్చు. బాగా పెరిగిపోతుంటే హద్దును కాస్త బిగించి, ఇంకొన్ని నోడ్లు అదనంగా కోసేందుకు సిద్ధపడండి.

అసలు పటమే లేకపోతే, ఎవరికి ఎందరితో పరిచయముందో ఎవరికీ తెలియకపోతే, యాదృచ్ఛికంగా ఒక నోడ్‌ను ఎంచుకుని, దాని పొరుగులో యాదృచ్ఛికంగా ఒకదాన్ని అడిగి దాన్ని తీయండి. 2003లో కోహెన్, హావ్లిన్, బెన్-అవ్రహాం టీకాల కోసం చెప్పిన ఉపాయమిది. ఎక్కువ లింకులున్నవాళ్లు ఎక్కువమందికి పొరుగు కాబట్టి వాళ్లే ఎక్కువసార్లు దొరుకుతారు. కరాటే క్లబ్‌లో సగటు డిగ్రీ 4.59 అయినా, యాదృచ్ఛికంగా ఒక లింకు పట్టుకుని దాని కొస దాకా పోతే అక్కడ దొరికే నోడ్ సగటు డిగ్రీ 7.77. ఒకే నోడ్ రెండుసార్లు సూచించబడితేనే తీయాలన్న నియమం పెడితే గురి ఇంకా బాగుంటుంది, కాకపోతే అడగాల్సినవాళ్ల సంఖ్య పెరుగుతుంది.